వెనుకనున్న కుంపటి

మోటారు కారులో చలి కాచుకొనడానికి వేరే ఏర్పాటు ఒకటి ఉంటుందని బెజవాడ వేసవిలో ఎవరికైనా చెబితే నవ్విపోతారు. ఏప్రిల్ మాసంలో అరగంటసేపు ఎండలో నిలిపిన కారు తలుపు తెరచి లోపల కూర్చోవడమే మనకు ఒక తపస్సు. చక్రం పట్టుకొంటే అరచేయి చురుక్కుమంటుంది. అటువంటి మనకు, కారులో వేడి రావడం లేదని దిగులుపడేవారు కూడ లోకంలో ఉన్నారంటే వింతగానే ఉంటుంది. కాని జర్మనీలోనో, స్విట్జర్లాండు కనుమలలోనో జనవరి తెల్లవారుజామున కారు బయటికి తీసేవాని సంగతి వేరు. ముందు అద్దంమీద మంచు గడ్డకట్టి ఉంటుంది. దానిని గీకి పారవేసినా, లోపల కూర్చున్నవాని ఊపిరిలోని తేమ ఆ చల్లని గాజుకు తగిలి మళ్ళీ కమ్ముకొంటుంది. ఆ గాజుమీదికి వేడిగాలి వస్తేనే దారి కనిపిస్తుంది. అందుచేత అక్కడివారు ఈ ఏర్పాటును మెత్తని సీట్ల లెక్కలో వేయరు, బ్రేకుల లెక్కలో వేస్తారు.

సాధారణమైన కారులో ఈ పని తేలిక. ఇంజను చుట్టూ నీరు తిరుగుతుంది, వేడెక్కుతుంది. ఆ నీటిలో కొంత భాగాన్ని ఒక చిన్న రేడియేటరుగుండా పోనిచ్చి, దానిమీదుగా పంకాతో గాలి ఊదితే చాలు. చెడితే నీటి కవాటమో, గొట్టమో, పంకాయో, మీటయో చెడవలె. ఒక పూట వెదకితే దొరికిపోతుంది.

ఇక్కడ చెప్పబోయే కారు ఆ జాతిది కాదు. దాని పేరు పోర్షె 911. 1963 లో ఫ్రాంక్‌ఫర్టు ప్రదర్శనలో దానిని మొదట చూపినప్పుడు 901 అని పేరు పెట్టారు. నడుమ సున్న ఉన్న మూడంకెల పేర్లపై తమకే హక్కున్నదని ఫ్రెంచివారి ప్యూజో సంస్థ అభ్యంతరం చెప్పగా, సున్నను ఒకటి చేసి 911 అన్నారు. లోకంలో ఇంత చౌకగా తీరిన తగవులు తక్కువ. ఆ కారుకు ఇంజను వెనుక చక్రాలకు కూడ వెనుకగా ఉంటుంది. మరొక విశేషం, ఆ ఇంజనుకు నీరు లేదు. ఫోక్స్‌వాగన్ వారి చిన్న కారుకువలెనే దీనిని గాలితోను, నూనెతోను చల్లార్చుతారు. 1990 దశకం చివర నీటి ఇంజనుకు మారేవరకు, అంటే ముప్పయి ఏండ్లకు పైగా, ఈ పద్ధతే సాగింది. ఇప్పుడు ఆ పాత కార్లను ఇంటి పెద్దలవలె చూచుకొనేవారు యూరపులోను, అమెరికాలోను వేలకొద్దీ ఉన్నారు. చలికాలం వచ్చేసరికి వారిలో అనేకులకు ఒకటే ఫిర్యాదు: వేడి రాదు, లేక వచ్చిన వేడి పోదు.

నీరు లేనప్పుడు వేడి ఎక్కడినుండి తేవలె? పెట్రోలు మండగా పుట్టిన వేడిలో చక్రాలను తిప్పడానికి పనికివచ్చేది నాలుగవ వంతో, మూడవ వంతో మాత్రమే అని భౌతికశాస్త్రం చదివే పిల్లలు ఎరుగుదురు. తక్కినది వృథాగా పోతుంది. అందులో పెద్ద పాలు పొగగొట్టం దారినే పోతుంది. ఆ దారిలోనే కాపువేసి కూర్చున్నారు ఈ కారు శిల్పులు. ఇంజనుకు అటు మూడు, ఇటు మూడు సిలిండర్లు. ఒక్కొక్క ప్రక్క మూడు పొగగొట్టాలూ బయటికి వచ్చేచోట వాటిచుట్టూ ఒక ఉక్కు రేకు తొడుగు ఉంటుంది. ఇంజనును చల్లార్చే పెద్ద పంకా ఊదే గాలిలో కొంత భాగం ఒక గొట్టంగుండా ఈ తొడుగులోనికి వచ్చి, ఎర్రగా కాలుతున్న పొగగొట్టాల మధ్యగా దూరి, వేడెక్కి ముందుకు పోతుంది. తొడుగు దాటగానే ఒక చిన్న పెట్టె, అందులో ఒక రేకు తలుపు. తలుపు ఒక వైపు తిరిగితే వేడిగాలి రోడ్డుమీదికి పోతుంది. రెండవ వైపు తిరిగితే కారు అంచుల క్రింద, ద్వారబంధాల అడుగున ఉన్న దోనెలలో ప్రవహించి, కాళ్ళ దగ్గరకు, ముందు అద్దం దగ్గరకు చేరుతుంది. అంటే మనిషి ముందు కూర్చుంటాడు, కుంపటి వెనుక ఉంటుంది, రెంటికీ నడుమ కొన్ని గొట్టాలూ రెండు రేకు తలుపులూ కాపలా.

ఆ తలుపులను త్రిప్పేది ఒక ఉక్కుతీగ. సీట్ల నడుమ, చేతిబ్రేకు ప్రక్కన ఉన్న మీటను లేపితే తీగ లాగబడి తలుపు తెరచుకొంటుంది. దించితే స్ప్రింగు తలుపును వెనుకకు తెస్తుంది. ఇంతే. మొదటి కార్లలో ఇంతకు మించిన తంత్రం లేదు. అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. పంకాను త్రిప్పేది ఇంజనే. కొండ ఎక్కుతున్నప్పుడు ఇంజను వేగంగా తిరుగుతుంది, పంకా హోరున ఊదుతుంది, లోపల అట్లకాడ కాలినట్లు కాలుతుంది. పట్టణంలో దీపాల దగ్గర ఆగినప్పుడు ఇంజను మెల్లగా తిరుగుతుంది, వేడి సన్నగిలిపోతుంది. నడిపేవాడు మైలుకు రెండుసార్లు మీటతో కుస్తీ పట్టవలసివచ్చేది. ఈ బాధ తీర్చడానికి 1970 దశకం మధ్య కాలంలో ఒక స్వయంచాలక నియంత్రణం ప్రవేశపెట్టారు. అంకెలు గల ఒక చిన్న గుబ్బ, ఉష్ణోగ్రతను పసిగట్టే సాధనాలు, రెంటినీ పోల్చి చూచే ఒక విద్యుత్ పెట్టె, ఆ పెట్టె ఆజ్ఞ ప్రకారం తీగలను లాగే ఒక చిన్న మోటారు. గుబ్బను ఒక అంకెమీద పెట్టి మరచిపోవచ్చునని ఉద్దేశం. కొత్తలో బాగానే మరచిపోయారు. నలభై ఏండ్లు గడచిన తరువాత ఇప్పుడు జ్ఞాపకం చేసుకోవలసివస్తున్నది.

పాత యంత్రం చెడినప్పుడు మనిషికి కలిగే మొదటి బుద్ధి, అందులో తనకు అర్థం కానిదానిమీద అనుమానపడడం. ఇక్కడ అర్థం కానిది విద్యుత్ పెట్టె. అందుచేత వేడి రాకపోతే ముందు పెట్టె మార్చేస్తారు. అది ఖరీదైనది. మార్చిన తరువాత కూడ వేడి రాకపోతే గుబ్బ మారుస్తారు, తరువాత మోటారు. చివరకు కారు క్రిందికి దూరి చూస్తే, పంకానుండి తొడుగుకు గాలి తెచ్చే గొట్టం ఎలుక కొరికినట్లు చినిగి వ్రేలాడుతూ ఉంటుంది. జీతగానిని తిట్టి, పాలికాపును కొట్టి, చివరకు పెరటి తలుపు తామే తెరచి ఉంచామని తెలుసుకొన్న గృహస్థు స్థితి అది.

నేర్పరి అయిన మెకానిక్కు ముందు పానా పట్టుకోడు, మూడు ప్రశ్నలు అడుగుతాడు. వేడి పుట్టడం లేదా? పుట్టి లోపలికి రావడం లేదా? వచ్చి ఆగడం లేదా? ఈ మూడూ వేరువేరు రోగాలు. మొదటిది తొడుగులకూ గొట్టాలకూ సంబంధించినది. రెండవది తీగలకూ రేకు తలుపులకూ, వాటిని శాసించే పెట్టెకూ చెందినది. మూడవది తరచు తుప్పుపని.

ఆ పైన మరొక చక్కని ప్రశ్న ఉన్నది: వేడి రెండు ప్రక్కలా రావడం లేదా, ఒక ప్రక్కనే రావడం లేదా? తరగతిలో తర్కం బోధించే ఉపాధ్యాయులకు ఈ ప్రశ్న తప్పక నచ్చుతుంది. గుబ్బ ఒకటి, పెట్టె ఒకటి, మోటారు ఒకటి. అవి రెండు తీగలనూ కలిపి లాగుతాయి. కనుక కుడి కాలికి వెచ్చగాను, ఎడమ కాలికి చల్లగాను ఉంటే తప్పు ఈ మూడింటిలో ఏ ఒక్కదానిదీ కాజాలదు. విద్యుత్తుకు కుడి ఎడమల పక్షపాతం లేదు. ఎడమ వైపు తీగ తెగి ఉండవలె, లేక ఆ వైపు తలుపు బిగిసి ఉండవలె, లేక ఆ వైపు గొట్టం ఊడి ఉండవలె. ఒక్క ప్రశ్నతో, ఒక్క స్క్రూ అయినా విప్పకుండా, సగం కారును విచారణనుండి విడుదల చేయవచ్చును.

రెండు వైపులా చల్లగానే ఉంటే అప్పుడు పెట్టెమీదికి పోవచ్చు, అదీ క్రమంగా. ఇంజను నడవకుండా తాళం మాత్రం త్రిప్పి, గుబ్బను ఈ కొసనుండి ఆ కొసకు జరపవలె. చేతిబ్రేకు క్రిందినుండి చిన్న మోటారు మూలిగినట్లు శబ్దం వస్తే, పెట్టె ప్రాణంతో ఉన్నట్లే. శబ్దం వచ్చి మీటలు కదలకపోతే పళ్ళచక్రమో, తీగల ముడియో జారినది. శబ్దమే రాకపోతే ముందు ఫ్యూజు చూడవలె. ఫ్యూజు మంచిదైనా దానిని పట్టుకొన్న ఇత్తడి రెక్కలు కిలుముపట్టి ఉంటాయి. గీకితే చాలు, ఒక్కొక్కసారి రోగం అక్కడితో తీరుతుంది. తరువాత మోటారుకు విద్యుత్తు వస్తున్నదో లేదో మీటరుతో చూడవలె. వస్తూ తిరగకపోతే మోటారు దోషం. రాకపోతే పెట్టెదో, పెట్టెకు వార్త చెప్పే సాధనాలదో.

ఉష్ణోగ్రతను పసిగట్టే సాధనం ఒక చిన్న నిరోధకం. వేడెక్కితే దాని నిరోధం తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. దానిని ఊడదీసి మీటరుకు తగిలించి గుప్పిట్లో పట్టుకొంటే, అరచేతి వెచ్చదనానికి అంకె మెల్లగా దిగిపోతూ కనిపిస్తుంది. పాఠశాల ప్రయోగశాలలో కూడ చేయదగిన ప్రయోగం ఇది. ఆ జాతి నిరోధకం కొన్ని రూపాయలకు దొరుకుతుంది. దాని తీగ ఎక్కడైనా తెగితే నిరోధం అనంతమవుతుంది. తెగిన తీగకూ మహా చలికీ భేదం తెలుసుకొనే తెలివి అటువంటి పెట్టెకు లేకపోతే, నిండు వేసవిలో కూడ తలుపులు బార్లా తెరచి యజమానిని ఉడకబెడుతుంది. పెట్టె అబద్ధమాడలేదు. దానికి అబద్ధం చెప్పినవారు వేరు.

పెట్టెనే తప్పుపట్టవలసిన సందర్భాలూ ఉన్నాయి. విప్పి భూతద్దంతో చూస్తే, రిలే కాళ్ళ దగ్గర టంకం చుట్టూ వెండ్రుకవంటి పగులు గుండ్రంగా కనిపిస్తుంది. దశాబ్దాలపాటు వేడికి వ్యాకోచించి, చలికి సంకోచించి, రోడ్డు కుదుపులు తిని ఆ టంకం విడిపోయినది. మళ్ళీ టంకం పెట్టడానికి పావుగంట చాలును. కొత్త పెట్టె వెలతో పోల్చితే దీనికయ్యే ఖర్చు చెప్పుకోదగినది కాదు.

ఇక క్రిందికి దూరవలె. జాకీమీద మాత్రం నిలిపిన కారు క్రిందికి ఎన్నడూ దూరరాదు. గట్టి ఇనుప పీటలమీద దించి, ఊపి చూచిన తరువాతనే దూరవలె. పైన ఒకరు మీటను లేపి దించుతూ ఉంటే, క్రింద ఉన్నవారు రేకు తలుపు ఇరుసుమీది కొయ్యను చూడవలె. మీటతోపాటు అది పూర్తిగా తిరుగుతున్నదా? సగంలో ఆగుతున్నదా? స్ప్రింగు దానిని వెనుకకు తెస్తున్నదా? మంచు దేశాలలో రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీరు ఎగజిమ్మి ఈ ఇరుసులను తుప్పుతో అతికించివేస్తుంది. కవచంలోని తీగను కూడ పట్టివేస్తుంది. అటువంటి తీగను బలవంతంగా లాగితే మీటో, తీగో తెగుతుంది. ఇరుసు చుట్టూ చొరబడే నూనె పోసి ఒక రాత్రి ఓపిక పట్టిన చేయి మరునాడు నవ్వుకొంటుంది. కొందరు ఈ శ్రమకు ఓర్వలేక వేసవిలో తలుపులను కట్టుతీగతో శాశ్వతంగా మూసి కట్టి, ఆ సంగతి చెప్పకుండా కారును అమ్మివేస్తారు. మరికొందరు పందెపు కారు వలె గర్జించవలెనని తొడుగులనే తీసివేసి వట్టి గొట్టాలు బిగిస్తారు. కొన్నవాడు చలికాలంలో గుబ్బ త్రిప్పి త్రిప్పి వేలు నొప్పి పుట్టించుకొంటాడు. కుంపటి ఇంట్లో లేదన్న సంగతి అతనికి ఎవరు చెబుతారు?

పంకా దగ్గరి గొట్టం ఊడితే పోయేది కాళ్ళ వెచ్చదనం ఒక్కటే కాదు. ఇంజనును చల్లార్చవలసిన గాలి ఆ రంధ్రంగుండా వృథాగా పోతుంది. గాలియే ప్రాణమైన ఇంజనుకు అది నిశ్శబ్దమైన హాని.

ఇంతవరకు చెప్పినదంతా అసౌకర్యం. అసలైన భయం తొడుగు లోపల ఉన్నది.

తొడుగుకు తుప్పు రెండు చోట్ల పట్టవచ్చు. పై రేకుకు చిల్లిపడితే వేడిగాలి బయటికి కారిపోతుంది. లోపల వెచ్చదనం తగ్గుతుంది, అంతే. లోపలి పొగగొట్టానికి చిల్లిపడితే సంగతి తలక్రిందులవుతుంది. పొగ ఆ వేడిగాలిలో కలిసి, మనం చెప్పుకొన్న దోనెలన్నిటిగుండా ప్రయాణంచేసి, మనిషి ముఖంమీదికి వస్తుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. ఉత్ప్రేరక పరికరం లేని పాత ఇంజను పొగలో అది నూటికి కొన్ని పాళ్ళు ఉండడం సామాన్యం. చల్లని ఇంజను లేచిన కొత్తలో, పెట్రోలు పాలు ఎక్కువగా ఉన్న మిశ్రమం మండేటప్పుడు, ఇంకా ఎక్కువ. చలికి వణుకుతూ మనిషి మీటను పూర్తిగా లేపేదీ అప్పుడే.

ఈ వాయువు మనకు పరదేశి కాదు. బాలింత గదిలో తలుపులు, కిటికీలు బిగించి బొగ్గుల కుంపటి పెట్టే ఆచారం మన ఇండ్లలో ఉండేది. తెల్లవారేసరికి తల దిమ్మెక్కినదనీ, వాంతి వచ్చినట్లున్నదనీ అంటే గాలి సోకినదని చెప్పుకొనేవారు. గాలి సోకిన మాట నిజమే. అది ఏ గాలో తెలియకపోయింది. మన రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిను ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును అంటిపెట్టుకొంటుంది. బండిలో చోటంతా ఒకడే ఆక్రమించగా తక్కినవారు స్టేషనులో నిలిచిపోయినట్లు, ఆక్సిజన్ ఊపిరితిత్తులవరకు వచ్చి వెనుకకు పోతుంది. ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. దాని అణుభారం 28, గాలి సగటు అణుభారం సుమారు 29. కనుక అది నేలకు దిగదు, కప్పుకు ఎక్కదు. గాలిలో గాలియై కలిసి ఉంటుంది. మొదట తలనొప్పి, తరువాత మగత. చక్రం పట్టుకొన్నవానికి మగత వస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

బొగ్గు గనుల ప్రమాదాలను పరిశోధించిన జాన్ స్కాట్ హాల్డేన్ అనే స్కాట్లండు శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దం చివర, గనిలోనికి చిన్న పక్షులను తీసుకొనిపొమ్మని సలహా చెప్పాడు. చిన్న ప్రాణికి ఊపిరి వేగం ఎక్కువ. మనిషికంటె ముందు అది సొమ్మసిల్లుతుంది. బ్రిటిషు గనులలో ఆ కెనరీ పక్షుల కొలువు 1986 వరకు సాగింది. తరువాత వాటి స్థానంలో విద్యుత్ సాధనాలు వచ్చాయి. ఆ జాతి సాధనమే ఇప్పుడు అరచేతిలో ఇమిడేంతగా దొరుకుతున్నది. పాత కారు గలవారికి కావలసిన మొదటి పనిముట్టు అదే అని నా అభిప్రాయం.

కొండమీద పొగ చూచి నిప్పును ఊహించడం మన తార్కికులు చెప్పే పాత ఉదాహరణ. పొగే కంటికి కనిపించనప్పుడు ఆ ఉదాహరణతో పని జరగదు. వాసననైనా నమ్మవచ్చునా అంటే, అదీ సందేహమే. ఈ ఇంజనులో నూనె గొట్టాల కీళ్ళనుండి కారిన నూనె చుక్కలు కాలుతున్న తొడుగుమీద పడి మాడుతాయి. ఆ కమురు వాసన లోపలికి వస్తే కొత్తవారు హడలిపోతారు. అది రోత పుట్టించే వాసనే గాని, సాధారణంగా మనిషిని పడవేసేది కాదు. రెండు నెలలలో ఆ వాసనకు అలవాటుపడినవాడు, తరువాత నిజంగా పొగ కలిసినా పాత నూనె వాసనే కదా అని ఊరుకొంటాడు. అందుకని నూనె కారుడును ముందు అరికట్టవలె. సాక్షులలో అబద్ధమాడేవానిని ముందు బయటికి పంపవలె. ఆ తరువాత తొడుగులను దింపి, ఒక కొస మూసి, రెండవ కొసనుండి పొగగొట్టంలో దీపం పెట్టి చీకటిలో చూస్తే, చిల్లి ఉన్నచోట తొడుగు లోపల వెలుగు చుక్క కనిపిస్తుంది. కనిపించిన తొడుగుకు అతుకు వేయడంకంటె దానిని మార్చడమే మేలు. తుప్పు ఒక చోట రంధ్రం చేసిందంటే దాని ప్రక్కనే మరి నాలుగు చోట్ల రేకును కాగితం చేసి ఉంటుంది.

అన్నీ బిగించిన తరువాత పరీక్ష. మొదట ఇంటి ముందర, ఆరుబయట, ఇంజను నడిపి, మీట పూర్తిగా లేపి, వేడిగాలి వచ్చే రంధ్రం దగ్గర ఆ చిన్న సాధనాన్ని పెట్టవలె; షెడ్డు లోపల మాత్రం కాదు. అక్కడ సున్న చూపితే అద్దాలన్నీ బిగించి, సాధనాన్ని ప్రక్క సీటుమీద ఉంచి, ఎత్తు రోడ్డుమీద అరగంట నడపవలె. ఇంజను బరువు లాగేటప్పుడే సన్నని పగులు బయటపడుతుంది. సాధనం చూపే అంకె సున్న దాటి పెరుగుతూ పోతే తొందరగా మీట దించి, నాలుగు వైపులా గాలి ఆడేట్లు అద్దాలు దింపి, పండ్లు కొట్టుకొంటున్నా సరే, ఆ చలిలోనే ఇల్లు చేరి మళ్ళీ తొడుగు విప్పవలె.